ఊరు నడిచి వెళ్ళిన సినిమా

మంచాన పడ్డవాళ్ళను చూసుకోవడం అక్క పని. నర్సు చదువేమీ చదవలేదు. తల్లి పక్షవాతంతో కొన్నేళ్ళు మంచంలో ఉంటే ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి అలవాటైంది. ఆ అలవాటే తర్వాత బతుకుతెరువైంది. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. ఎంతమందిని లేపి కూర్చోబెట్టిందో, ఎంతమందికి చివరిసారి దుప్పటి కప్పిందో ఆమె గుర్తుపెట్టుకోలేదు. ఆమె నడుము గుర్తుపెట్టుకుంది. పొద్దున్నే మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, "లే తల్లీ, లే" అని తనకు తానే చెప్పుకుంటే తప్ప ఆ నడుము నిలబడేది కాదు.

ఆ ఏడాది, ఇళ్ళకు ఆయాలను పంపే ఏజెన్సీవాళ్ళు ఆమెను ఒక ముసలాయన దగ్గర వేశారు. మూడో అంతస్తులో ఇల్లు. లిఫ్టు ఉంది. దాని తలుపుకు "మరమ్మతులో ఉంది" అని ఒక అట్ట వేలాడదీశారు. ఆ అట్టకే మరమ్మతు చేయాల్సినంతగా అది పాతబడిపోయింది. అక్క ప్రతి అంతస్తులో ఒకసారి ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడగట్టుకుని పైకి వెళ్ళేది.

ముసలాయన ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు. భారీ మనిషి. కుడివైపు పడిపోయింది. దాంతోపాటు మాటా పోయింది. అన్ని మాటల్లోకీ ఒక్కటే మిగిలింది, "ఉండు." నీళ్ళు కావాలన్నా "ఉండు", వద్దన్నా "ఉండు", కోపమొచ్చినా "ఉండు", బాగుందన్నా అదే. గొంతును బట్టి మనమే అర్థం చేసుకోవాలి. అక్కకు అది కష్టం కాలేదు. అన్ని మాటలూ ఉన్నవాళ్ళను అర్థం చేసుకోవడమే కష్టమని ఆమె అనుభవం.

ఆయన కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో ఉన్నా ఎప్పుడూ నిద్రలోనే ఉండేవాడు. ఇల్లు నడిపేది కోడలు. బీమా ఆఫీసులో కౌంటరు దగ్గర పని ఆమెకు. మొదటిరోజు అక్కకు మందులన్నీ చూపించి, చివర్లో టీవీ కింద సొరుగు లాగి ఒక పాత డిస్కుల పెట్టె చేతిలో పెట్టింది.

"మధ్యాహ్నం జావ తాగించాక ఇది పెట్టండక్కా. ఇది నడుస్తున్నంతసేపూ ఆయన గొడవ చెయ్యరు."

"ఏం సినిమా అమ్మా?"

"కౌబాయ్ సినిమా. ఎప్పటిదో. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇదే చూస్తున్నారు. మూడు గంటలు. నాకైతే పావుగంట కూర్చుంటే పిచ్చెక్కుతుంది." చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అంది, "రెండు డిస్కులు. రెండోది మధ్యలో ఆగిపోతుంది, గీతలు పడ్డాయి. ఆగిపోతే తీసెయ్యండి. అప్పటికి ఎలాగూ ఆయనకు నిద్రొస్తుంది."

అలా మొదలైంది. మొదట్లో అక్కకు ఆ సినిమా అంటే ఒళ్ళు మండేది. తెర నిండా దుమ్ము, గుర్రాలు, టోపీలు. ఎవడూ తిన్నగా మాట్లాడడు. మాట్లాడినా ఆ భాష రాదు. కింద అక్షరాలు పడతాయి గానీ, కూడబలుక్కుని చదివేలోగా అవి పోయి ఇంకేవో వచ్చేవి. పైగా జావ గిన్నెలు కడిగి, ముసలాయన పక్క సర్ది, కుర్చీలో నడుం వాల్చే సమయం అదే. గుర్రపు డెక్కల చప్పుడుకు కళ్ళు మూతపడేవి. తుపాకీ పేలితే ఉలిక్కిపడి లేచేది. "వీళ్ళ దుంపతెగ, నిద్ర కూడా పోనివ్వరు" అని గొణుక్కునేది.

"ఉండు," అనేవాడు ముసలాయన, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండా. నోరు మూసుకో అని దానర్థం.

ఆయన పడిపోయిన చేతికి రోజూ మర్దనా చెయ్యాలి. అది అయ్యాక ఎడమచేతి వేళ్ళు కూడా ఒక్కొక్కటే వంచి చాపాలి. అది చేస్తున్నప్పుడే అక్క ఒక సంగతి గమనించింది. సినిమా నడుస్తుండగా ఆ ఎడమచెయ్యి అప్పుడప్పుడు ఆమె చేతిని గట్టిగా పట్టుకునేది. తుపాకులు పేలేచోట కాదు. అక్కడ ఆయన కళ్ళు మూసుకునేవాడు కూడా. ఏమీ జరగనిచోట పట్టుకునేవాడు.

"ఇక్కడేముందని పెద్దాయనా?" అని ఒకరోజు తల తిప్పి చూసింది.

తెర మీద ఒక మైదానం ఉంది. ఎండ. దాని మీద సన్నటి గీతలా బళ్ళు కదులుతున్నాయి. ఎంత దూరం నుంచి తీశారంటే బండి ఏదో గుర్రం ఏదో తెలియదు, చీమలబారు అనుకోవాలి. అలా ఎంతసేపో కదులుతూనే ఉన్నాయి. అక్క విసుగ్గా మొహం తిప్పుకోబోయింది. ఉన్నట్టుండి ఆ చీమలబారు పోయి, తెర మొత్తం ఒక ఆడమనిషి మొహం. కనుబొమ్మల మీద దుమ్ము, పెదాల మీద పగుళ్ళు, చెంప మీంచి జారుతున్న ఒక చెమటబొట్టు. ఆ బొట్టు గడ్డం దాకా వచ్చి ఆగింది. ఆవిడ తుడుచుకోలేదు. తుడుచుకునే ఓపిక ఆవిడకు లేదని అక్కకు తెలిసింది. మాటలక్కర్లేదు, భాష రానక్కర్లేదు. ఆ మొహం ఆమె రోజూ బస్సు కిటికీ అద్దంలో చూస్తున్నదే.

ముసలాయన చెయ్యి ఆమె చేతిని బిగించి వదిలింది.

ఆ మర్నాటి నుంచి అక్క కునుకు తీయడం మానేసింది. మానేసింది అనడం కూడా ఎక్కువే. కళ్ళు వాలుతుండేవి, తెరుచుకుంటుండేవి. మొదటి సగంలో ఒక ముక్క, మధ్యలో ఒక ముక్క. రోజుకో ముక్క చొప్పున కథ పోగుచేసుకుంది. ఒక ఊళ్ళో బావులు ఎండిపోతాయి. ఊరు ఊరంతా బయల్దేరుతుంది, నది ఉన్న చోటికి. తలుపులు, కిటికీలు ఊడదీసి బళ్ళలో వేసుకుంటారు. దారి తెలిసినవాడు ఒక్కడే. ఒకప్పుడు తుపాకీ పట్టి, ఇప్పుడు దాన్ని బట్టలో చుట్టి దాచేసిన ముసలి రౌతు. కాలు కుంటి. చెమటబొట్టు ఆవిడ రొట్టెలు కాల్చి ఊరందరికీ పెట్టేది. భర్త పోయాడు. దారిలో ఒక కొండసందు. అక్కడ కొందరు కాపుకాసి కూర్చుంటారు, ఎవర్నీ దాటనివ్వరు.

ఇదంతా అక్క ఇంటికొచ్చాక చెల్లెలికి చెప్పేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు చేసుకుని, ఎక్కువకాలం నిలవక తిరిగొచ్చింది. చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర రోజంతా నిలబడేది. ఇంటికి రాగానే కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి నేల మీద వెల్లకిలా పడుకునేది. అక్క కూరగాయలు తరుగుతూ చెప్పేది.

"అంత దూరం నడిచే బదులు ఇంకో బావి తవ్వుకోవచ్చుగా?" అనేది చెల్లెలు కాళ్ళు దించకుండా.

"తవ్వారే. అది కూడా చూపిస్తారు. మట్టే వస్తుంది."

"ఆ కుంటి మామ రొట్టెలావిణ్ణి చేసుకుంటాడా లేదా?"

"అట్టాంటిదేం లేదు."

"మరి మూడు గంటలేం చేస్తారక్కా, నడుస్తారా?"

"నడుస్తారు."

"మనం చేసేది చాలదనా!" అని నవ్వేది చెల్లెలు. మళ్ళీ మర్నాడు తనే అడిగేది, "ఏమైందే, కొండసందు దాకా వచ్చారా?"

ఒక ముక్క మాత్రం అక్క రెండుమూడుసార్లు చెప్పింది. రౌతు గుర్రం దిగి, ఒక రాయి మీద కూర్చుని, బూటు ఊడదీసుకోబోతాడు. పాదం వాచిపోయి బూటు రాదు. లాగుతాడు, ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. రొట్టెలావిడ వస్తుంది. ఏమీ అనదు. ఎదురుగా కూర్చుని, ఆ కాలు తన ఒళ్ళోకి తీసుకుని, మెల్లగా మడమ కదిపి లాగేస్తుంది. బూటు ఊడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు కూడా. ఆవిడ బూటు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోతుంది.

"అంతేనా?" అంది చెల్లెలు మొదటిసారి.

"అంతే."

చెల్లెలు గోడ మీంచి కాళ్ళు దించింది. "నా కాళ్ళు చూడు ఎట్టా వాచాయో" అంది తర్వాత. అక్క కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని వచ్చి, ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసికింది. తన నడుం సంగతి ఎత్తలేదు.

రెండో డిస్కు కొండసందు దగ్గరే ఆగిపోయేది. అక్కడ రౌతు ఒంటరిగా వెళ్ళి, కాపుకాసినవాళ్ళ ఎదురుగా, ఒక బండరాయి మీద కూర్చుంటాడు. బట్టలో చుట్టిన తుపాకీ ఒళ్ళో ఉంటుంది. విప్పడు. గాలి. ఒక బల్లి రాయి మీదకొచ్చి పోతుంది. అవతలివాడి మొహం, ఇవతలివాడి మొహం, అవతలివాడి చెయ్యి. టోపీ నీడ ముక్కు మీద నుంచి గడ్డం మీదకు జారుతుంది, అంటే పొద్దు వాలుతోందన్నమాట. ఎవరూ నోరు విప్పరు. మొదట్లో "కదలండ్రా బాబూ" అని తిట్టుకున్న అక్క ఇప్పుడు అక్కడే ఊపిరి బిగబట్టేది. ఎదురుచూడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆస్పత్రి వరండాల్లో, డాక్టరు గది బయట, తెల్లవారితే పోతారో ఉంటారో తెలియని వాళ్ళ పక్కన ఆమె చేసింది అదే. అందులోనూ ఏమీ జరగదు, అన్నీ జరుగుతాయి. ఇన్నాళ్ళకు దాన్ని ఎవరో తొందరపడకుండా చూపించారు.

సరిగ్గా అక్కడ బొమ్మ ముక్కలై గడ్డకట్టుకుపోయేది. అక్క డిస్కు తీసి చీర కొంగుతో తుడిచేది, ఊదేది, మళ్ళీ పెట్టేది. బల్లి వచ్చేది. ఆగిపోయేది.

"వాళ్ళు నది చేరతారా పెద్దాయనా?"

"ఉండు."

"ఈ కుంటాయన బతుకుతాడా, పోతాడా?"

"ఉండు," అనేవాడు. నవ్వితే ఆయన మూతి ఒకపక్కకే వెళ్ళేది.

"ఆహా, మీకు తెలిసి కూడా నన్ను ఏడిపిస్తున్నారు" అని అక్క కోప్పడేది. ముసలాయనకు ఆ కోపం నచ్చేది.

ఒకరోజు కోడలు ఆఫీసు నుంచి త్వరగా వచ్చింది. ఇద్దరూ టీవీ ముందు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తుంటే గుమ్మంలో నిలబడిపోయింది.

"మీకూ అంటించారా?" అంది.

"దూరం నుంచి బళ్ళు వచ్చేచోట చెయ్యి గట్టిగా పట్టుకుంటారమ్మా. అదెందుకో తెలీదు."

కోడలు బ్యాగు దించి, గోడకు ఆనుకుంది. "క్రేను మీద కూర్చునేవారు కదా, అంత ఎత్తున. అక్కణ్ణుంచి కూలీలంతా అలాగే కనిపించేవారట. ఒకసారి అన్నారు నాతో, పైనుంచి చూస్తే ఎవరి అలుపూ కనపడదమ్మా అని." ఆ మాట అన్నాక తనే ముసలాయన వైపు చూసింది. "నేనప్పుడు ఫోన్లో ఏదో చూస్తున్నా. ఊఁ అన్నా, అంతే."

ముసలాయన తెర వైపే చూస్తున్నాడు. అక్కడ చీమలబారు పోయి మొహం వచ్చింది.

ఎండలు ముదిరాక ఆయనకు ఛాతీలో కఫం పట్టింది. జావ గొంతు దిగడం మానేసింది. ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ వాళ్ళ నర్సులే చూసుకుంటారు గనుక ఏజెన్సీవాళ్ళు అక్కను వేరే ఇంటికి మార్చారు. అయినా ఒక మధ్యాహ్నం బస్సు మారి చూడటానికి వెళ్ళింది. ముక్కులో గొట్టంతో ముసలాయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క ఆయన ఎడమచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చాపింది. ఆయన ఏమీ అనలేదు, ఆ ఒక్క మాట కూడా. కోడలు ఆమెను వరండాలోకి తీసుకెళ్ళి ఏడ్చింది.

"నేను ఆయన నోరు మూయించడానికే ఆ సినిమా పెట్టేదాన్నక్కా. ఒక్కరోజు పక్కన కూర్చోలేదు."

కూర్చుని ఉంటే బాగుండేదని అక్కకూ అనిపించింది. కానీ పగలంతా కౌంటరు, సాయంత్రం వంట, రాత్రి ఆ బరువైన మనిషికి పక్క మార్చడం, ఇవన్నీ చేసిన మనిషే ఎదురుగా నిలబడి ఉంది. "నువ్వూ మనిషివే కదమ్మా" అంది. ఆ వారంలోనే ముసలాయన పోయాడు.

కొత్త ఇంట్లో తుంటి ఎముక విరిగిన ఒక రిటైర్డ్ టీచరమ్మ. మాటలకు కొదవలేదు. పొద్దున వెళ్ళింది మొదలు, దుప్పటి మడత దగ్గర్నుంచి దేశం తీరు దాకా అన్నీ చెప్పేది. అక్క తలూపేది. మధ్యాహ్నాలు కునుకు పట్టేది కాదు, ఎందుకో తెలియదు. చెల్లెలు కూడా రోజూ అడగడం మానేసింది. అప్పుడప్పుడు కాళ్ళు గోడకెత్తి పడుకుని, "పాపం, ఆ కుంటి మామ ఇంకా ఆ రాయి మీదే కూర్చున్నాడు" అనేది.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం చెల్లెలు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే కేకేసింది. మార్కెట్ వెనక ఉన్న పాత సినిమాహాల్లో పాత సినిమాల వారం అట. గోడ మీద పోస్టరు. టోపీ పెట్టుకున్న ముసలాడు, వెనక బళ్ళు, ఒక బండిలో తలుపులు.

"తలుపులున్నాయా? సరిగ్గా చూశావా?"

"తలుపులే. ఆదివారం పొద్దున ఆట. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళొచ్చులే." చెప్పులు విప్పుతూ, "ఆ కోడలమ్మకు కూడా ఫోన్ చెయ్యి" అంది.

అక్క సందేహించింది. పోయినవాళ్ళ ఇంటికి మళ్ళీ ఫోన్ చెయ్యడం ఆమె ఎప్పుడూ చేయలేదు. పని అయిపోతే అయిపోయినట్టే. అయినా చేసింది. సినిమా సంగతి చెప్పింది. "వస్తానక్కా" అంది కోడలు.

హాలు సగానికి పైగా ఖాళీ. కుర్చీల స్పంజి చిరిగి ఉంది. ముగ్గురూ మధ్యలో కూర్చున్నారు. దీపాలు ఆరాక మైదానం వచ్చింది. టీవీలో గీతలా ఉన్నది ఇప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. ఇంత ఆకాశం ఉందని అక్కకు తెలియదు. బళ్ళ చక్రాల కిర్రు కుర్చీ కింద నుంచి వస్తున్నట్టుంది. ఇన్నాళ్ళూ ఒక కిటికీలోంచి తొంగిచూసిందని, ఇప్పుడు గుమ్మం దాటి బయటికొచ్చిందని ఆమెకు అనిపించింది. చెమటబొట్టు జారుతుంటే పక్కన కోడలు ముక్కు ఎగబీల్చింది.

కొండసందు వచ్చింది. రౌతు రాయి మీద కూర్చున్నాడు. బల్లి వచ్చింది. అక్క కళ్ళు మూసుకుంది, ఇక్కడ ఆగిపోతుందని అలవాటుగా. ఆగలేదు. గాలి వీస్తూనే ఉంది. నీడ జారింది. అవతలివాళ్ళలో ఒక కుర్రాడు లేచాడు, దప్పికకు తట్టుకోలేక. రౌతు తన నీళ్ళ తిత్తి అతని వైపు విసిరాడు. అక్కడితో అయిపోతుందనుకుంటే అవలేదు. కుర్రాడి వెనకనున్నవాడు కాల్చాడు. బట్ట విప్పక తప్పలేదు. ఇన్ని గంటలు నడిపించిన సినిమాలో ఆ పోరు రెప్పపాటులో ముగిసింది. పొగ తేలాక రౌతు ఆ చచ్చినవాళ్ళ టోపీలు ఏరి, ఎవరి మొహం మీద వారిది పెట్టాడు. గెలిచినట్టు ఎక్కడా లేదు.

ఊరు నది చేరింది. జనం నీళ్ళలోకి పరుగెత్తుతారనుకుంది చెల్లెలు. కొందరు పరుగెత్తారు. చాలామంది ఒడ్డునే కూలబడ్డారు. తర్వాత బళ్ళలోంచి తలుపులు దించి, ఖాళీ నేల మీద గుంజలు పాతి నిలబెట్టారు. ఇల్లు లేదు, గోడ లేదు, ఒట్టి తలుపులు. రొట్టెలావిడ తన తలుపు తీసింది, లోపలికి వెళ్ళింది, అవతలి వైపు కూడా అదే మైదానం. వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసింది. రౌతు బండి నీడలో బూట్లతోనే నడుం వాల్చి, టోపీ మొహం మీదకు లాక్కున్నాడు. పిల్లలు ఆయన చుట్టూ తిరుగుతున్నారు. ఎవరూ లేపలేదు. బొమ్మ దూరమైంది, ఇంకా దూరమైంది, ఆయన ఒక చుక్కయ్యాడు. దీపాలు వెలిగాయి.

అక్క లేవలేకపోయింది. నొప్పి వల్లా కాదు, బాధ వల్లా కాదు. ఎవరూ లేపని నిద్ర చూసి ఎంత కాలమైందోనని ఆమె కన్నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. తుడుచుకోలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద చెల్లెలికీ కోడలికీ పేచీ వచ్చింది.

"చచ్చిపోయాడు, చూళ్ళేదా? గుండు తగిలింది" అంది చెల్లెలు.

"ఎక్కడ తగిలింది? రక్తం ఏది? పడుకున్నాడండీ."

"టోపీ కదల్లేదు."

"కదిలింది. నేను చూశా." కోడలు గొంతు పెంచింది. నలుగురూ తిరిగి చూశారు. "మామయ్యగారు ఇన్నేళ్ళు చచ్చిపోయేవాణ్ణి చూడ్డానికి కూర్చుంటారా?" అంటూనే నవ్వింది, ఏడ్చింది కూడా. చెల్లెలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "సరే పడుకున్నాడు. మీ మాటే" అంది.

కోడలు టీ తాగి వెళదామంది. అక్క గడియారం చూసుకుని కుదరదంది. వాళ్ళిద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళుతుంటే కాసేపు నిలబడి చూసి, బస్సెక్కింది.

టీచరమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "ఆలస్యమైంది" అంది మొహం తిప్పకుండా.

"సినిమాకెళ్ళానమ్మా."

"నువ్వా? ఏం సినిమా?"

"కౌబాయ్ సినిమా. ఒక ఊరు ఊరంతా నడిచి వెళుతుంది."

"ఎందుకు?"

"నీళ్ళు లేక."

"అంతేనా కథ?"

"అంతే." అక్క చేతులు కడుక్కుంది. ఒక చెయ్యి టీచరమ్మ భుజం కింద, ఒకటి తుంటి కింద పెట్టి, "ఇటు తిరుగుదామా? మెల్లగా. తొందరేం లేదు" అంది.